వేసవియందు ఉప్పునీటి చేపలతొట్టిని చల్లగా నుంచు విధము

సముద్రము మిక్కిలి విశాలమైనది, లోతైనది. అందుచేత పగటి యెండకు దాని నీరు త్వరగా వేడెక్కదు. రాత్రి త్వరగా చల్లారదు. అట్టి సముద్రమున పుట్టిన చేపను తెచ్చి, 100 లీటర్ల నీరు పట్టు అద్దపుతొట్టిలో నుంచినచో, సముద్రము స్వభావముచేత నిచ్చు ఆ నిలుకడను ఇంటివారే కల్పింపవలసియుండును. వేసవిలో ఇది యెట్లు సాధ్యమగునో విశదపరప నుద్దేశించుచున్నాము.

పగడపుదిబ్బల నడుమ నివసించు చేపలను పెంచు తొట్టికి సాధారణముగా 24 మొదలు 27 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉష్ణోగ్రత తగియుండును. 30 డిగ్రీలు దాటినచో అపాయము సమీపించినదని యెంచవలెను. ఉష్ణదేశపు చేపకు వేడివలన కీడేమియని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ముఖ్యమైన కీడు ఊపిరి చాలకపోవుటయే. చేప నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తక్కువగా కరగును. 20 డిగ్రీల సముద్రజలము లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టియుంచగా, 30 డిగ్రీలవద్ద సుమారు 6.2 మిల్లీగ్రాములను మాత్రమే పట్టియుంచును. అదే సమయమున, వేడిచేత చేపదేహమునకు ప్రాణవాయువు మునుపటికంటె నెక్కువ కావలసివచ్చును. రాబడి తగ్గి వ్యయము హెచ్చిన సంసారమువంటిదే దాని స్థితి. చేపలు నీటి పైభాగమునకు వచ్చి, మొప్పలను వడివడిగా నాడించుట దీనికి గుర్తు.

కావున మొదట వేడి చేరు దారులను మూయవలెను. తొట్టిని ఎండ తగులు కిటికీకి దూరముగా నుంచవలెను. దీపములును, నీటిలో మునిగి తిరుగు పంపులును వేడిని పుట్టించును గనుక, దీపమును పగలు ఆర్పి, చల్లనివేళ వెలిగించుట మంచిది. ధర్మామీటరును ఉదయమును మధ్యాహ్నమును చూచుచుండవలెను.

రెండవ ఉపాయము మన యిండ్లలోని మట్టికుండ నేర్పునదే. కుండ పైకి ఊరిన నీరు ఆవిరియగుచు, లోపలి నీటినుండి వేడిని గొనిపోవును. తొట్టి మూత తీసి, నీటి మీదుగా గాలి వీచునట్లు చిన్న పంకాను అమర్చినచో ఈ పనియే జరుగును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు కావలసిన వేడి, 100 లీటర్ల నీటిని 5 డిగ్రీలకు పైగా చల్లబరచుటకు సరిపోవును. అయితే గదినుండి వేడి మరల చేరుచుండును గనుక ఫలము అంతకు తక్కువగా కనబడును. చేపలు ఎగిరిపడకుండ తొట్టిపై వలను పఱచవలెను.

ఈ యుపాయము పొడిగాలి వీచు హైదరాబాదు, కర్నూలు వంటి తావుల చక్కగా ఫలించును. విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో గాలి తేమతో నిండియుండుటచే ఆవిరి తక్కువగా లేచును. అచ్చటివారు గదిని గాని, తొట్టినీటిని గాని యంత్రముతో చల్లబరచుకొనవలసి రావచ్చును.

ఇచ్చట మరువరాని సంగతి యొకటి కలదు. నీరు ఆవిరియై పోయినను ఉప్పు తొట్టిలోనే నిలుచును. కిలోగ్రాము సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణము కలదు. తొట్టినీటిలో పదవవంతు తగ్గినచో అది 39 గ్రాముల కించుమించు చేరును. కనుక తగ్గినంత నీటిని ప్రతిదినము మంచినీటితోనే పూరింపవలెను, ఉప్పునీరు పోయరాదు. ఆ మంచినీటియందు క్లోరిన్ ఉండరాదు.

మంచుగడ్డలను తొట్టిలో వేయరాదు. నీరు హఠాత్తుగా చల్లబడుటయు చేపకు హానికరమే. అత్యవసరమైనచో, నీరు గడ్డకట్టిన సీసాను బిగువుగా మూసి, కొంతసేపు తేలనిచ్చి తీయవచ్చును. విద్యుత్తు నిలిచినప్పుడు గాలిబుడగలు వదలు బ్యాటరీ పంపు చేపల ప్రాణము నిలుపును. వేడిదినములలో మేత తగ్గించుట మేలు.

కొలది డిగ్రీల భేదమే గదాయని తలపరాదు. సముద్రము వేసవిలో అలవాటైన హద్దుకంటె ఒక్క డిగ్రీ యెక్కువగా వేడెక్కి, కొన్ని వారములు అట్లే నిలిచినచో పగడములు తెల్లబారును. 1998లోను, 2016లోను లక్షద్వీపముల పగడములకు ఇట్లే సంభవించినది. సముద్రమునందలి ప్రాణి చల్లని తావునకు ఈదిపోవచ్చును. తొట్టిలోని చేపకు ఆ దారి లేదు. ప్రతిదినము ధర్మామీటరు చూచి, తగ్గిన నీరు నింపు ఓపిక గలవారే దానిని ఇంటికి తెచ్చుట న్యాయము.