జంట డిస్కులతో సమాచారం భద్రం
వరద ముప్పున్న చోట మూడో ప్రతి తప్పనిసరి

భద్రాచలం: పెళ్లి ఫొటోలు, దుకాణం లెక్కలు, దస్తావేజు నమూనాలు... ఫొటో స్టూడియో మొదలుకొని డీటీపీ సెంటరు వరకు అన్నీ కంప్యూటర్లోనే ఉంటున్నాయి. ఒక్క హార్డ్‌డిస్క్ మొరాయిస్తే ఏళ్ల తరబడి కూడబెట్టిన సమాచారం గల్లంతవుతుంది. ఒకే సమాచారాన్ని ఏకకాలంలో రెండు డిస్కుల్లో నమోదు చేసే 'మిర్రరింగ్' విధానంతో ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు. ఇందుకు ఖరీదైన సర్వర్ అక్కరలేదు. చాలా డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లోనే ఈ సదుపాయం ఉంది.

ఏమిటీ విధానం?

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో వెలువరించిన పరిశోధన పత్రంతో 'రెయిడ్' అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. ఇందులో 'రెయిడ్-1' అంటే మిర్రరింగే. అద్దంలో ప్రతిబింబంలా రెండో డిస్క్ మొదటిదానికి నకలుగా ఉంటుంది. ఒక టెరాబైట్ డిస్కులు రెండు అమర్చినా వాడుకునేందుకు దక్కేది ఒక టెరాబైటే. పరిమాణాల్లో తేడా ఉంటే చిన్నదాని మేరకే స్థలం లభిస్తుంది.

అమర్చేది ఇలా..

* డిస్కులను జత చేసేటప్పుడు వాటిలోని సమాచారం చెరిగిపోతుంది. ముందుగా దాన్ని వేరేచోట కాపీ చేసుకోవాలి.

* సమాన పరిమాణం గల రెండు డిస్కులను మదర్‌బోర్డు సాటా పోర్టులకు కలపాలి.

* కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కి బయోస్‌లోకి వెళ్లాలి. సాటా మోడ్‌ను 'రెయిడ్'కు మార్చి సేవ్ చేయాలి.

* రెయిడ్ మెనూలో రెండు డిస్కులను ఎంచుకుని 'రెయిడ్-1'గా జత చేయాలి.

* అనంతరం విండోస్ ఎక్కించాలి. డిస్క్ కనిపించకుంటే మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చే రెయిడ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్ ద్వారా అందించాలి.

ఇప్పటికే విండోస్ ఉన్న కంప్యూటర్లో సాటా మోడ్ మార్చితే అది తెరుచుకోకపోవచ్చు. అందుచేత కొత్తగా విండోస్ వేసుకునేటప్పుడే ఈ పని చేయడం మేలు.

ఒకటి పాడైతే..

ఒక డిస్క్ చెడిపోయినా రెండోదానితో పని సాగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చెడిన సంగతి గమనించకపోతే మిగిలిన డిస్క్ కూడా పోయిన రోజున సర్వం పోతుంది. హెచ్చరికలు చూపే సాఫ్ట్‌వేర్‌ను తప్పక వేసుకోవాలి. డిస్కులపై ఉండే సీరియల్ నంబర్లను రాసిపెట్టుకుంటే, పొరపాటున బాగున్నదాన్ని ఊడదీసే ముప్పు తప్పుతుంది. కొత్త డిస్క్ అమర్చి 'రీబిల్డ్' ఇస్తే కొన్ని గంటల్లో మళ్లీ జత సిద్ధమవుతుంది.

వరదకు విరుగుడు కాదు

పొరపాటున ఫైలు తొలగిస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది. వైరస్ సోకినా అంతే. పిడుగుపాటుకు, వరదకు ఒకే పెట్టెలోని రెండు డిస్కులూ బలవుతాయి. భద్రాచలం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులు కాగా, గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71 అడుగులకు పైగా చేరింది. కాబట్టి వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి మూడో ప్రతి తీసి, కంప్యూటర్ నుంచి వేరుచేసి, మెరక ప్రాంతంలోని బంధువుల ఇంట భద్రపరచుకోవడం ఉత్తమం. కరెంటు ఒడుదొడుకుల నుంచి రక్షణకు యూపీఎస్ కూడా అవసరమే.