సేవకు సాక్షి ఎవరు?

తునిలో ఇంటర్ చదివిన అమ్మాయికి మన రాష్ట్రంలో బీడీఎస్ సీటు కావాలంటే ఉన్న దారి నీట్ ఒక్కటే. 720 మార్కులకు ఎన్ని వచ్చాయి, ర్యాంకెంత, ఏ రిజర్వేషన్ వర్తిస్తుంది, ఏ కాలేజీకి ఆప్షన్ పెట్టుకుంది అన్న వాటి మీదే కౌన్సెలింగ్ నడుస్తుంది. రాజమహేంద్రవరంలో చేరినా, భీమవరంలో చేరినా, అమలాపురంలో చేరినా ఇదే లెక్క. ఈ పిల్ల రోగితో ఎలా మాట్లాడుతుంది, ఓపిక ఎంత అని అడిగే గడి ఆ దరఖాస్తులో ఎక్కడా ఉండదు.

అదే అమ్మాయి బీడీఎస్ పూర్తిచేసి అమెరికాలో దంతవైద్యం చేయాలనుకున్నప్పుడు ఆ ప్రశ్న మొదటిసారి ఎదురవుతుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు రావాలంటే అక్కడి గుర్తింపున్న డెంటల్ స్కూల్లో చదివి ఉండాలి. అందుకే మన డెంటిస్టులు రెండు మూడేళ్ళ ‘అడ్వాన్స్‌డ్ స్టాండింగ్’ కోర్సులో చేరతారు. వీళ్ళు దరఖాస్తు పెట్టే ఉమ్మడి వేదిక పేరు క్యాపిడ్. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు కాలేజీ చదువు తర్వాత ఆడ్‌సాస్ ద్వారా పెడతారు. రెండింటినీ నడిపేది అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్. మన కుర్రాళ్ళు ‘ఎల్‌ఓఆర్‌లు’ అని పిలుచుకునే సిఫారసు ఉత్తరాలు రెండు చోట్లా కావాలి. వాటిలో ప్రజాసేవ గురించి రాసే ఉత్తరం దగ్గర మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు.

ఎందుకు అడుగుతారు?

మొదటి కారణం పరీక్షలోనే ఉంది. విదేశీ డెంటిస్టుల్ని చాలా స్కూళ్ళు అమెరికా జాతీయ దంతవైద్య పరీక్ష ఐఎన్‌బీడీఈ పాసై రమ్మంటాయి. ఆ పరీక్షలో వచ్చేది పాస్ లేదా ఫెయిల్ అన్న మాటే, పాసైనవాళ్ళకు మార్కులు చెప్పరు. దరఖాస్తుదారులంతా ‘పాస్’ అని వస్తే ఎవర్ని పిలవాలో తేల్చడానికి అనుభవం, ఉత్తరాలు, ఇంటర్వ్యూ వంటివే ఆధారమవుతాయి.

రెండో కారణం అక్కడి వైద్య వ్యవస్థ. అమెరికాలో వృద్ధులకు ఉండే మెడికేర్ పథకం మామూలు పళ్ళ వైద్యానికి చాలామటుకు డబ్బు ఇవ్వదు. స్తోమత లేనివాళ్ళు డెంటల్ స్కూళ్ళ క్లినిక్కులకూ ఉచిత శిబిరాలకూ వస్తారు. పిల్లల పళ్ళకోసం అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2003 నుంచి దేశమంతటా ‘గివ్ కిడ్స్ ఎ స్మైల్’ నడుపుతోంది. విద్యార్థులకు సేవ ద్వారా నేర్చుకునే అవకాశం కల్పించాలని డెంటల్ స్కూళ్ళకు గుర్తింపునిచ్చే సంస్థ ప్రమాణాల్లోనే ఉంది. కాబట్టి భయపడే రోగి, డబ్బు లేని రోగి, భాష రాని రోగి ఎదురుగా కూర్చున్నప్పుడు ఈ విద్యార్థి ఎలా ఉంటాడన్నది ఎంపిక కమిటీకి అవసరమైన సమాచారం.

సర్టిఫికెట్ వేరు, ఉత్తరం వేరు

మన దగ్గర సేవకు రుజువంటే సర్టిఫికెట్. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో వాలంటీరు రెండేళ్ళలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్ళాలి. ఆ సర్టిఫికెట్ విలువైనదే. కాకపోతే అది చెప్పేది గంటల లెక్క. ఆ గంటల్లో ఏం జరిగిందో చూసిన మనిషి చెప్పాలి. ఉత్తరం పని అదే.

మనకు అలవాటైన ఉత్తరం ఇలా ఉంటుంది: ‘ఈమె సత్ప్రవర్తన గలది, కష్టజీవి, సేవాతత్పరురాలు. ఈమె భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని ఆకాంక్షిస్తున్నాను.’ పేరు మార్చితే ఇది ఊళ్ళో ఎవరికైనా సరిపోతుంది. చదివినవాళ్ళకు ఒక్క కొత్త సంగతి తెలియదు.

ఇప్పుడు తొండంగి మండలంలో సముద్రం పక్క ఊరి బడి హెడ్మాస్టరు రాసినట్టు మరో ఉత్తరం ఊహించుకుందాం: ‘జూలై నుంచి ఫిబ్రవరి దాకా నెలకు రెండు శనివారాలు ఈ డాక్టరు మా బడికి వచ్చారు. మొదటి రోజు ఇంగ్లీషు చార్టు గోడకు తగిలించి చెప్పారు, పిల్లలు వినలేదు. తర్వాతిసారి చార్టు తేలేదు. నాలుగో తరగతి పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి ఒకరి పళ్ళు ఒకరి చేత లెక్కపెట్టించారు. మా అమ్మమ్మ అడ్డపొగ తాగుతుందని ఒక పిల్లవాడు చెబితే ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళారు. ఆవిడ నోరు చూపించలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు చూపించింది. అంగిట్లో తెల్లమచ్చ కనపడితే కాకినాడ పెద్దాసుపత్రికి తానే తోడు తీసుకెళ్ళారు.’

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా ఎంత కాలం, ఎక్కడ, ఏం చేసింది అన్నది తెలిసిపోతుంది. మొదటి రోజు విఫలమై పద్ధతి మార్చుకుందని తెలుస్తుంది. కాదన్న మనిషి దగ్గరికి మళ్ళీ వెళ్ళిందని తెలుస్తుంది. రాసినాయన కళ్ళారా చూసిందే రాశారని కూడా అర్థమవుతుంది.

పైగా దంతవైద్యుడైన పాఠకుడికి ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో పాత అలవాటు. ఆ వేడి, పొగ నేరుగా అంగిటిని తాకుతాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన దేశపు మెహతా, మరికొందరు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, అంగిట్లో వచ్చే మార్పుల గురించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించారు. అంగిట్లో తెల్లమచ్చ అన్న మాట చదవగానే, ఆ అమ్మాయి ఆసుపత్రికి ఎందుకు వెంటబెట్టుకెళ్ళిందో కమిటీలోని డెంటిస్టుకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఎన్ని ఉత్తరాలు, ఎవరివి?

ఆడ్‌సాస్‌లో విడి ఉత్తరాలు నాలుగు మించి పెట్టడానికి లేదు. చాలా స్కూళ్ళు వాటిలో సైన్సు అధ్యాపకులవీ, డెంటిస్టుదీ ఉండాలంటాయి. క్యాపిడ్ ద్వారా వెళ్ళేవాళ్ళను తాము చదివిన డెంటల్ కాలేజీ డీన్ ఉత్తరం చాలాచోట్ల అడుగుతారు. అడిగినవి పోగా మిగిలిన చోటే సేవా ఉత్తరానిది. ప్రొఫెసరు ఉత్తరం అడిగినచోట దీన్ని పెడితే దరఖాస్తు అసంపూర్ణమవుతుంది. చోటు మిగలకపోతే ఆ పనిని దరఖాస్తులోని అనుభవాల విభాగంలో రాసుకోవచ్చు. ఏ స్కూలు ఏమడుగుతోందో విడివిడిగా చూసుకోవాల్సిందే.

రాసేవాళ్ళ ఎంపికలో మనవాళ్ళు పెద్ద లెటర్‌హెడ్ వెంట పడతారు. ఎమ్మెల్యేగారి ఉత్తరం, పెద్ద క్లబ్బు అధ్యక్షుడి ఉత్తరం ఇంట్లోవాళ్ళకు గొప్పగా ఉంటాయి. ఆయన మిమ్మల్ని పని చేస్తుండగా చూడకపోతే ఆ ఉత్తరంలో రాయడానికేమీ ఉండదు. పీహెచ్‌సీ డాక్టరు, బడి హెడ్మాస్టరు, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు, క్యాంపులు నడిపే పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ విభాగం మేడమ్: వీళ్ళు చూశారు కాబట్టి రాయగలరు. హోదా తక్కువన్న బెంగ అక్కర్లేదు. సాదాసీదా ఇంగ్లీషైనా చాలు.

‘నువ్వే రాసి తే, సంతకం పెడతా’

ఈ మాట మన కాలేజీల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. అడిగిన పెద్దాయనకు తీరిక ఉండదు. విద్యార్థి కన్సల్టెన్సీకి వెళితే వాళ్ళ దగ్గర అచ్చు సిద్ధంగా ఉంటుంది. అలా తయారైన మూడు ఉత్తరాలూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. ఏటా వందల ఉత్తరాలు చదివేవాళ్ళకు ఆ సంగతి తెలియకుండా పోదు. అది నిజాయతీకి సంబంధించిన విషయం కాబట్టి పోయేది ఒక్క ఉత్తరం విలువే కాదు, దరఖాస్తు మొత్తం మీదే అనుమానం వస్తుంది.

సరైన పద్ధతి ఏమంటే, రాసేవారికి ఒక్క పేజీ సమాచారం ఇవ్వండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారు, ఏమేం చేశారు, వారి ఎదుట జరిగిన రెండు మూడు సంఘటనలు, ఏ కోర్సుకు పెడుతున్నారు, గడువెప్పుడు. జ్ఞాపకం చేయడం మీ పని. ఏం రాయాలో వారి ఇష్టం.

దరఖాస్తులో ఇంకో గడి కనిపిస్తుంది: ఈ ఉత్తరాన్ని చూసే హక్కు వదులుకుంటారా అని. విద్యార్థి తన రికార్డులు చూసుకునే హక్కును అమెరికాలో 1974 నాటి చట్టం ఇచ్చింది. వదులుకోవాలన్న బలవంతమేమీ లేదు. అయితే వదులుకుంటే, రాసినవారు మొహమాటం లేకుండా రాశారన్న నమ్మకం చదివేవారికి కలుగుతుంది. ‘వాళ్ళేం రాస్తారో’ అని భయమేస్తే ఆ మనిషిని అడగకపోవడమే మంచిది.

ఉత్తరం కవరులో పెట్టి పంపేది కాదు. మీరు ఇచ్చిన చిరునామాకు వేదిక నుంచి ఈమెయిల్ వెళుతుంది. రాసేవారు ఆ లింకులోంచే ఎక్కించాలి. ఆ మెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటిపోవచ్చు, హెడ్మాస్టరుగారికి ఈలోగా బదిలీ కావచ్చు. కనీసం రెండు నెలల ముందు అడిగి, మెయిల్ అందిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

సేవ పేరుతో చేయకూడనివి

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వేసవి సెలవులకు తుని అమ్మమ్మగారింటికి వచ్చే పిల్లలు ఇక్కడి క్యాంపుల్లో సాయం చేస్తుంటారు. మంచిదే. ఉత్సాహంలో ఎవరైనా చేతికి ఫోర్సెప్స్ ఇస్తే మాత్రం తీసుకోకూడదు. ఇంకా డెంటల్ చదువులో చేరని విద్యార్థులు విదేశీ శిబిరాల్లో ఏ హద్దు దాటకూడదో అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన దగ్గర కూడా రిజిస్ట్రేషన్ లేకుండా దంతవైద్యం చేయడం నేరం. ‘క్యాంపులో పళ్ళు పీకాడు’ అని రాసిన ఉత్తరం మేలు చేయకపోగా సీటుకే ఎసరు పెడుతుంది. పేర్లు నమోదు చేయడం, బ్రష్ చేయడం నేర్పడం, ముసలివాళ్ళను కుర్చీ దాకా నడిపించడం చాలు.

ఇక ఫ్లెక్సీ కట్టి, ఆదివారం పొద్దున్నే మొదలెట్టి, ఫొటో దిగి మధ్యాహ్నానికి ముగించే క్యాంపు. ఆషాఢంలో లోవ తలుపులమ్మ గుడి దగ్గర పెడితే జనం విరగబడి వస్తారు. కానీ ఆ రోజు చూసినవాళ్ళు మళ్ళీ కనపడరు, అనుమానం ఉన్న నోటికి తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళే పనిలోనే చెప్పుకోదగ్గ సంగతి పుడుతుంది.

అలాంటి పనికి తుని చుట్టుపక్కల కొదవ లేదు. తుని, పాయకరావుపేట తమలపాకులకు పేరున్న ఊళ్ళు. ఆకుతోపాటు నోట్లోకి వెళ్ళే వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన నివేదికలో నిర్ధారించింది. వక్క నమలడం ముదిరితే బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. మూడు వేళ్ళు నిలువుగా పడుతున్నాయా అని చూడటం ఎవరైనా చేయగల తొలి పరీక్ష. ఒక వీధిలో కిళ్ళీ అలవాటున్నవాళ్ళను ఆరు నెలల పాటు ఇలా చూసి, అనుమానం ఉన్నవాళ్ళను ఆసుపత్రికి చేర్చిన హౌస్ సర్జన్ గురించి ఆ ప్రాంతపు పీహెచ్‌సీ డాక్టరు రాస్తే, ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టడం కష్టం.

క్యాపిడ్ సాధారణంగా మార్చిలో తెరుచుకుంటుంది. ఫిబ్రవరిలో ఉత్తరం కోసం తిరిగేవాళ్ళకు దొరికేది సత్ప్రవర్తన సర్టిఫికెట్టే. అంతకు ముందు ఏడాది వేసవిలోనే ఒక బడినో, ఒక వీధినో ఎంచుకుని మొదలుపెట్టినవాళ్ళకు, అడిగే వేళకు సాక్షి సిద్ధంగా ఉంటారు. ఆ సాక్షి చేత ఏం రాయించాలన్న బాధ కూడా అప్పుడు ఉండదు.