పిట్టల వేటకి రెండు అనుమతులు

నేనుండేది మిస్సోరీ, ఫెజెంట్ పిట్టల వేటకి పక్కనున్న కాన్సస్ వెళ్తుంటాను. అక్కడ మనలాంటి పొరుగు రాష్ట్రం వాళ్ళు నాన్‌రెసిడెంట్ లైసెన్సు కొనాలి. హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్టూ ఉండాలి.

హెచ్1బీ మిత్రులకి లైసెన్సు మరీ ముఖ్యం. ఆ వీసా మీదున్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉంటే ఫెడరల్ నేరం. స్నేహితుడిది అరువు తెచ్చుకున్నా అంతే. చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు. అందుకని ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ.

లైసెన్సుంది కదా అని ఎవరి పొలంలో పడితే వాళ్ళ పొలంలో దిగకూడదు. కంచె, బోర్డు లేకపోయినా రైతుని అడగాల్సిందే. ‘వాక్-ఇన్ హంటింగ్ ఏరియా’ బోర్డున్న పొలాలని రాష్ట్రమే కౌలుకి తీసుకుంటుంది. బోర్డు మీది తేదీల్లో అక్కడ అడగక్కర్లేదు.

నేనైతే తలుపు తట్టి అడుగుతాను. కాదంటే దణ్ణం పెట్టి వచ్చేస్తాను. సెలవు.