వెనక బరువుంటేనే ముందు బకెట్

ట్రాక్టర్లకి ముందు లోడర్ బిగించే షెడ్డు మాది. వచ్చిన రైతు మొదట అడిగే మాట, "ఎంత బరువు లేపుద్దండీ?" అని. వెనక ఎంత బరువు కట్టాలని అడిగేవాళ్లు అరుదు. ప్రాణం కాపాడేది ఆ రెండో ప్రశ్నే.

లెక్క చూడండి. ముందు, వెనక ఇరుసుల మధ్య 2 మీటర్ల దూరం అనుకుందాం. ముందు ఇరుసుకి మీటరున్నర అవతల బకెట్, అందులో 500 కిలోల తడి పెంట. ముందు ఇరుసు మీద అదనంగా పడేది 500 కాదు, 875 కిలోలు. ఆ 375 వెనక చక్రాలు మోస్తున్న బరువులోంచి వచ్చినవే. కావడిబద్దకి ఒక కొసనే బరువు కడితే రెండో కొస లేచినట్టు, ట్రాక్టర్ వెనక భాగం తేలిపోతుంది. లోడర్ సొంత బరువు దీనికి అదనం.

వెనక తేలితే ముందుగా పోయేది బ్రేకు. మామూలు టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. నిండు బకెట్‌తో కాలవగట్టు దిగుతున్నప్పుడు ఆ చక్రాలు నేలని పట్టకపోతే, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.

రెండో ప్రమాదం పక్కకి బోల్తా పడటం. దీన్ని షెడ్డు గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపిస్తాను. చక్రాలు నాలుగున్నా ట్రాక్టర్ నిలబడేది మూడు చోట్ల: వెనక టైర్లు రెండూ, ముందు ఇరుసు నడుమ ఉండే సెంటర్ పిన్నూ. ఇరుసు ఆ పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, బండి కొంత ఒరిగేదాకా ముందు టైర్లు దాన్ని నిలబెట్టలేవు. ఈ మూడూ కలిపిన త్రిభుజం లోపల గరిమనాభి ఉన్నంతసేపే మనకి క్షేమం. బకెట్ బరువు దాన్ని ముందుకి, త్రిభుజం సన్నబడే వైపుకి లాగుతుంది. బకెట్ ఎత్తేకొద్దీ అదీ పైకి పోతుంది. అప్పుడు ఒక చక్రం చిన్న గోతిలో దిగినా చాలు. పైగా మలుపులో వేగం రెట్టింపైతే పక్కకి నెట్టే బలం నాలుగింతలవుతుంది.

విరుగుడు ఖరీదైనదేమీ కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు 55 సెంటీమీటర్లుండే పెట్టెలో ఇనుప ఊచలు పెట్టి కాంక్రీటు పోస్తే దాదాపు 400 కిలోల దిమ్మె తయారవుతుంది. దాన్ని లిఫ్ట్ చేతులకి తగిలించి, వెనక ఇరుసుకి మీటరు అవతల ఉంచామనుకోండి. వెనక చక్రాల మీద 600 కిలోలు పెరిగి, ముందు ఇరుసు మీద 200 తగ్గుతాయి. దిమ్మె లేనివాళ్లు రోటవేటర్ తగిలించుకున్నా మేలే. వెనక టైర్లలో నీళ్లు నింపడం మంచిదే గానీ, ఆ బరువు ఇరుసు మీదే కూర్చుంటుంది, ముందు భారాన్ని తగ్గించదు. అందుకే నీళ్లున్నా దిమ్మె కావాలి. ఇక ముందు బంపరు దగ్గరి బరువులు లోడర్ పనికి తీసేయాల్సిందే.

నడిపేటప్పుడు బకెట్ నేలకి అడుగు ఎత్తులోనే ఉండాలి. ట్రక్కు పక్కకి చేరి ఆగాకే పైకెత్తండి. ఒరుగుతున్నట్టు అనిపించగానే బకెట్ నేలకి దించేయండి. మనుషుల్ని బకెట్‌లో ఎక్కించకండి. డ్రైవర్ వెనక గట్టి రక్షణ చట్రం బిగించి, దానితోపాటు సీటు బెల్టు పెట్టుకోండి. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకి ఆ చట్రాన్ని తప్పనిసరి చేసింది. చట్రం లేని బండి మీద మాత్రం బెల్టు కట్టుకోవద్దు, పడినప్పుడు బయటపడే దారి మూసుకుపోతుంది.

లోడర్ బేరం చేసేటప్పుడే దిమ్మె ఖర్చు కూడా కలిపి అడగండి. మీ ట్రాక్టర్‌కి వెనక ఎంత బరువు కావాలో చెప్పలేనివాడి చేత లోడర్ బిగించుకోకండి. ఆ సీటు మీద రేపు కూర్చునేది మీ కొడుకో, మిమ్మల్ని నమ్ముకున్న జీతగాడో.