మేత నేర్పిన నడత

రైతు బజారు వెనకాల కుళ్లిన కూరగాయలు పారబోసే చోట ఒక ఆవూ, ఒక మేకా పక్కపక్కనే మేస్తుంటే కాసేపు నిలబడి చూడండి. మేక ముందు వాసన చూస్తుంది. పై పెదవిని అటూ ఇటూ ఆడిస్తూ కొత్తిమీర కాడను ఒడుపుగా లాక్కుంటుంది, దాన్ని చుట్టి ఉన్న రబ్బరు బ్యాండును అక్కడే వదిలేస్తుంది. ఆవుకు అంత ఏరుకునే ఓపిక లేదు. గరుకు నాలుక చాపి, దొరికినదాన్ని చుట్టేసి, లాగి మింగేస్తుంది. నిన్నటి పప్పన్నం మూటగట్టి విసిరేసిన కవరు ముడితో సహా లోపలికి పోతుంది.

రెండింటికీ పై దవడలో ముందరి పళ్లు లేవు. అక్కడ ఉండేది గట్టిపడిన చిగురు మాత్రమే. మేక ఆ లోటును చురుకైన పెదవులతో పూడ్చుకుంది. పొదల్లో ముళ్ల మధ్య ఆకు వెతుక్కున్న జాతి కాబట్టి దానికి ఆ నేర్పు అబ్బింది. ఆవుది పచ్చికబయలు బతుకు. క్రూరమృగం కంటపడేలోగా పొట్ట నింపుకుని, ఆ తర్వాత నీడపట్టున కూచుని రోజులో ఏడెనిమిది గంటలు నెమరేసుకోవడం దాని పూర్వీకులు పాటించిన పద్ధతి. ముందు మింగుడు, తర్వాతే నమలడం. గడ్డి తప్ప మరేదీ లేని చోట ఈ పద్ధతికి వంక పెట్టలేం.

మన వీధుల్లో మాత్రం అదే దాని ప్రాణం మీదికి తెస్తోంది. గడ్డితో పాటు మింగిన ఇనుప మేకో, తీగముక్కో నాలుగు గదుల పొట్టలో రెండో గదిలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. ఆ గదికీ గుండెకూ మధ్య అడ్డుగా ఉండేది పలచటి పొర. పొట్ట కదిలినప్పుడల్లా మొన ముందుకు జరిగి ఒక్కోసారి చివరికి గుండెనే గుచ్చుతుంది. అందుకే పశువైద్యులు కొన్నిసార్లు ఆవు చేత అయస్కాంతం మింగిస్తారు. అది ఇనుప ముక్కల్ని పట్టుకుని, పొట్టలోనే ఉండిపోతుంది. ప్లాస్టిక్‌కు అలాంటి ఉపాయం లేదు. ఆపరేషన్ చేసి పదుల కిలోల కవర్ల ముద్ద బయటకు తీసిన ఆవుల ఫొటోలు పత్రికల్లో మనం చూస్తూనే ఉన్నాం. మనం గుణం అనుకునేది చాలావరకు నోటికీ, పొట్టకీ కుదిరిన ఒప్పందమే. అడవి జంతువైనా, ఇంటి జంతువైనా అంతే.

ఇంట్లోనే చూడండి. కుక్కకు పెరుగన్నం పెడితే గిన్నె నాకేస్తుంది, దాని దగ్గరి చుట్టమైన తోడేలు పొట్టకు అంత అన్నం అరగదు. పిండి పదార్థాన్ని అరిగించే ఒక జన్యువుకు తోడేలులో రెండే ప్రతులు ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. మనిషి పారేసిన ఎంగిలి మెతుకుల చుట్టూ తిరిగీ తిరిగీ కుక్క పొట్టే మారిపోయింది. విశ్వాసం సంగతి సరే, దానికి పునాది అన్నం ముద్ద కూడా.

పిల్లి దగ్గర ఈ బేరం కుదరలేదు. అది మనతో వేల ఏళ్లు కాపురం చేసినా మాంసాహారిగానే మిగిలింది. తీపిని గుర్తుపట్టే జన్యువు దానిలో ఏనాడో చెడిపోయిందని 2005లో బయటపడింది. పులికీ, చీతాకీ కూడా అంతే. పాయసం గిన్నె దగ్గర పిల్లి తచ్చాడేది పాల కమ్మదనం కోసమే, బెల్లం దానికి మట్టితో సమానం. ఆ పాలు కూడా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లి ముందు పాలగిన్నె పెట్టి మురిసిపోవడం మన సరదాయే తప్ప దాని ఆరోగ్యానికి మంచిది కాదు.

కోళ్ల దగ్గర తిండికి వరుస ఉంది. నూకలు చల్లినప్పుడు ఏ పెట్ట ఎవరిని పొడిచి ముందుకు వస్తుందో కనిపెట్టి చూస్తే, గుంపులో పైవారెవరో, కిందివారెవరో తెలిసిపోతుంది. నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త షెల్డెరప్ ఎబ్బే వందేళ్ల కిందట ఈ సంగతే రాసి పేరు తెచ్చుకున్నాడు. పుంజుల కూతలోనూ ఇదే మర్యాద. ఒకేచోట ఉంచిన పుంజుల్లో తెల్లవారుజామున పెద్దది కూసేదాకా మిగిలినవి ఆగుతాయని, తర్వాత హోదా ప్రకారం ఒక్కొక్కటే అందుకుంటాయని జపాన్ పరిశోధకులు 2015లో వెల్లడించారు. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగులు చూసి సంక్రాంతికి లక్షలు కాసే పందెంరాయుళ్లు ఈ కూతల వరుస మీద ఏనాడైనా చెవి పెట్టారో లేదో!

నల్లమల ఎలుగుబంటిని చూస్తే నోటి మహిమ ఇంకా బాగా బోధపడుతుంది. దానికి పై దవడ నడిమి పళ్లు రెండు ఉండవు. ఆ సందే దానికి ఆస్తి. పొడవాటి గోళ్లతో చెదపుట్టను తవ్వి, మూతి ఆనించి, ముందు గట్టిగా ఊది దుమ్ము పోగొడుతుంది. తర్వాత ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదవుల్ని గొట్టంలా చాపి చెదల్ని సర్రున పీల్చేస్తుంది. ఈ చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఆ గోళ్లూ, ఆ పళ్ల సందూ చూసి దీన్ని దక్షిణ అమెరికా చెట్లకు వేలాడే స్లాత్‌ల జట్టులో చేర్చేశాడు. ఇది ఎలుగుబంటేనని తర్వాత తేలింది. తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది, ఎలుగు జాతుల్లో ఈ అలవాటు ప్రధానంగా దీనికే ఉంది.

తల పుట్టలో దూర్చి, తన చప్పుడులో తాను మునిగిపోయిన ఎలుగుకు మనిషి దగ్గరికొచ్చేదాకా తెలియదు. తెలిసిన క్షణంలో అది పారిపోదు, మీద పడుతుంది. పులి తిరిగే అడవిలో పిల్లల్ని వెంటేసుకుని బతికిన జంతువు నేర్చుకున్న ఆత్మరక్షణ అది. వేసవి ముందు ఇప్పపూలు రాలే కాలంలో, ఆ తర్వాత పళ్ల కాలంలో దాని చూపు తీపి మీదికి మళ్లుతుంది. శ్రీకాకుళం ఉద్దానంలో పనసలూ, జీడిమామిడి పళ్లూ తోటల నిండా ఉంటే అది కొండ మీద చెదల కోసం ఎందుకు తవ్వుతుంది? తెల్లవారకముందే జీడిపిక్కలు ఏరడానికి ఒంటరిగా వెళ్లేవాళ్లకూ దానికీ ఎదురుపడటం అక్కడే జరుగుతోంది.

కోతి కథ వేరు. దాని బుగ్గల్లో సంచులున్నాయి. శ్రీశైలం ఘాట్‌లో అరటిపండు లాక్కున్న కోతి అక్కడే తినదు, గబగబా బుగ్గల్లో కుక్కుకుని చెట్టెక్కి నింపాదిగా నములుతుంది. గుంపులో బలమైన కోతి వచ్చి గుంజుకోకుండా ఏర్పడిన సదుపాయం అది. దొంగబుద్ధి అని మనం తిట్టుకుంటాం. కొండముచ్చుకు బుగ్గ సంచులు లేవు, ఆకుల్ని పులియబెట్టే గదుల పొట్ట ఉంది. అందుకే దానికి ఆ హడావుడి తక్కువ. ఊళ్లలో కోతుల్ని బెదరగొట్టడానికి ఈ పెద్దమనిషి బొమ్మతో ఫ్లెక్సీలు కట్టడం మాత్రం చూసి తీరాల్సిన వింత.

చిత్తూరు జిల్లా కౌండిన్య అడవుల ఏనుగు తిన్నదాంట్లో సగం కూడా అరిగించుకోలేదు. కాబట్టి రోజుకు నూట యాభై కిలోల దాకా మేస్తూ నడుస్తూనే ఉండాలి. ఇక మాంసాహారుల్లో రేచుకుక్కలు వేటాడాక పిల్లల్ని ముందు తిననిచ్చి పెద్దవి పక్కన కాచుకుంటాయి. పులి రాజసం గురించి రాసినన్ని పేజీలు వీటి గురించి ఎవరూ రాయలేదు, నాకైతే ఇవే ఎక్కువ గొప్పగా కనిపిస్తాయి.

పశువు చచ్చాక దాని కథ రాబందు పొట్టలో ముగిసేది. ఆంత్రాక్స్ క్రిముల్ని సైతం అరిగించుకునే ఆమ్లం ఆ పొట్టలో ఉంది. అలాంటి పక్షిని పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ అనే మామూలు మందు పడగొట్టింది. ఆ మందు ఎక్కిన కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. 1990ల తొలినాళ్ల నుంచి 2007 నాటికి దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని కేంద్రం నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా ఆపింది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడినప్పుడు అటవీ శాఖ వాటిని కాపాడుకునే పనిలో పడింది. రాబందుకు హాని చేయని మెలోక్సికామ్ కూడా పశువుల నొప్పులకు, జ్వరాలకు పనిచేస్తుంది. గేదెకు సూది వేయించేటప్పుడు డాక్టరును ఆ మందే అడగొచ్చు.