పార్శ్వపు నొప్పి: మాత్ర దాకా వెళ్లకముందే మన ఇంట్లో, మన పొలంలో చేసుకోగలిగినవి



అగ్నిఅస్త్రం తయారీ వీడియోలో సగం పని అయ్యాక నేను పక్కకు వెళ్లిపోవడం, మిగతాది మా తమ్ముడు చూపించడం మీరు గమనించే ఉంటారు. ఏమైందన్నా అని చాలామంది అడిగారు. కుడి కణత దగ్గర నొప్పి మొదలైంది, అంతే. డిప్లొమా చదివే రోజుల నుంచీ నాకు పార్శ్వపు నొప్పి ఉంది. మా అమ్మకూ ఉంది. ఇది ఇళ్లల్లో తరాల వెంట నడిచే జబ్బు. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మొదట్లో అమ్మకు నెలకు రెండు మూడుసార్లు నొప్పి వచ్చేది. మందుల షాపులో మాత్ర తెచ్చి వేసుకునేది, తగ్గేది. తర్వాత వారానికి రెండు, ఆ తర్వాత రోజూ. పొద్దున లేవగానే టీతో పాటు ఒక మాత్ర. అయినా నొప్పి రోజూ ఉండేది. చివరికి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన మొదట చూసింది తలను కాదు, మాత్రల లెక్కను. "ఇప్పుడు మీకు వస్తున్న నొప్పిలో సగం ఈ మాత్రల వల్లే" అన్నారు.

మనకు ఇది తెలియని విషయం కాదు. పురుగు కనబడగానే మందు కొట్టడం, అది తట్టుకుంటే డోసు పెంచడం, చివరికి మందు లేకపోతే పంటే లేదనుకోవడం. ఆ దారి వదిలే కదా మనం ప్రకృతి సాగులోకి వచ్చాం. తల విషయంలో మాత్రం అదే దారిలో నడుస్తున్నాం.

లెక్క గుర్తుపెట్టుకోండి. పారాసిటమాల్ లాంటి మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. ఈ స్థితిలో ఉన్నవాళ్లు ఎలా మానాలో డాక్టరును అడిగి మానండి. మానిన మొదటి రోజుల్లో నొప్పి పెరుగుతుంది. అమ్మ పది రోజులు మంచం దిగలేదు, తర్వాత తేరుకుంది.

అసలు ఇది ఏమిటి?

మైగ్రేన్ అంటే ఉత్త తలనొప్పి కాదు. ఎక్కువగా ఒక పక్క, గుండె కొట్టుకున్నట్టు టపటపా పోటు. వెలుతురు, చప్పుడు పడవు. వాంతి వచ్చినట్టుంటుంది. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు కనబడతాయి.

బోరు మోటారు స్టార్టరు ఉంది కదా. కొన్ని స్టార్టర్లు వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయితే చాలు, ట్రిప్ అయిపోతాయి. మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు అలాంటిది. నిద్ర, తిండి, నీళ్లు, ఎండ, వాసన, వీటిలో ఏది అదుపు తప్పినా పట్టేసుకుంటుంది. ఒక్కటైతే చాలాసార్లు తట్టుకుంటుంది, రెండు మూడు కలిసిన రోజునే ట్రిప్ అవుతుంది. స్టార్టర్ని మార్చలేం గానీ వోల్టేజీ నిలకడగా ఉంచుకోవచ్చు.

రైతుకు ఎక్కడ తగులుతుంది?

ఆరు నెలలు నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. నొప్పి వచ్చిన రోజు తేదీ, ఎన్నింటికి వచ్చింది, ముందు రాత్రి నిద్ర, ఏం తిన్నాను, ఏ పని చేశాను, మాత్ర వేశానా లేదా, ఈ ఆరు రాశాను. నా విషయంలో బయటపడినవి ఇవి.

ఒకటి, ఖాళీ కడుపు. ఉదయం ఐదింటికి టీ తాగి పొలం వెళ్లి, పదకొండింటికి అన్నం తినడం. ఇప్పుడు బయల్దేరే ముందు రాగి జావ గానీ, రాత్రి అన్నంలో మజ్జిగ కలుపుకొని గానీ తాగి వెళ్తున్నాను. ఉపవాసాలు ఉండేవాళ్లు ఇది బాగా గమనించుకోండి.

రెండు, నిద్ర. రాత్రి కరెంటు కోసం లేచి నీళ్లు కట్టిన మర్నాడు నాకు నొప్పి ఖాయం. అలాగని మర్నాడు తొమ్మిదింటి దాకా పడుకున్నా వస్తుంది. లేచే సమయం మారకపోవడం ముఖ్యం. కుదిరితే మధ్యాహ్నం అరగంట కునుకు తీయండి.

మూడు, ఎండ, దాహం. మిరప కల్లంలో ఆ వెలుగు నేరుగా కళ్లలోకి కొడుతుంది. వెడల్పు అంచు టోపీ పెట్టుకోవడం, దాహం వేయకముందే నీళ్లో ఉప్పు మజ్జిగో తాగడం, పదకొండు నుంచి మూడు దాకా నీడ పని పెట్టుకోవడం. బీపీ ఉన్నవాళ్లు మజ్జిగలో ఉప్పు తగ్గించుకోండి.

నాలుగు, టీ. రోజుకు ఆరు టీలు తాగి, ఒకరోజు దొరక్కపోతే ఆ రోజు నొప్పి. రెండుకు తగ్గించి, అవి కూడా ఒకే వేళకు తాగుతున్నాను.

ఐదు, వాసన. ఇది మన వాళ్లతో ప్రత్యేకంగా చెప్పాలి. అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఆవు మూత్రంలో ఉడుకుతాయి. ఆ ఘాటు మైగ్రేన్ ఉన్నవాళ్లకు పడదు. అంతకంటే పెద్ద విషయం పొగాకులో ఉండే నికోటిన్. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, తలనొప్పి, తల తిరగడం, వాంతులు తెస్తుంది. సహజం కదా అని చేత్తో కలపకండి. గ్లౌజులు, మాస్కు వేసుకుని, ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి కాచండి. ఆ రోజు నేను షెడ్డులో కాచాను, అదీ టిఫిన్ తినకుండా. తప్పు నాదే.

నొప్పి మొదలైంది, ఇప్పుడేం చేయాలి?

మొదటి అరగంట ముఖ్యం. "ఈ సాలు అయ్యాక వెళ్దాం" అనుకోకండి. పని ఆపి చీకటి గదిలో, చప్పుడు లేని చోట పడుకోండి. చన్నీళ్లలో తడిపిన గుడ్డ నుదుటి మీద, మెడ వెనక వేయండి. మెల్లగా నీళ్లు తాగండి. నిద్ర పడితే చాలామందికి అదే మందు.

అల్లం కషాయం, లేదా పావు చెంచా శొంఠి పొడి గోరువెచ్చని నీళ్లలో తాగవచ్చు. 2014లో ఇరాన్‌లో 100 మంది మీద చేసిన ప్రయోగంలో నొప్పి మొదలవగానే ఇచ్చిన శొంఠి పొడి, సుమట్రిప్టాన్ అనే మందుతో దాదాపు సమానంగా పనిచేసింది. వికారానికీ మంచిది. అయితే రోజూ తింటే నొప్పే రాదని మాత్రం తేలలేదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగి వాడండి.

నువ్వులు, గుమ్మడి గింజలు, రాగులు, ఆకుకూరల్లో మెగ్నీషియం బాగా ఉంటుంది. మెగ్నీషియం కొందరికి మైగ్రేన్ రావడాన్ని తగ్గిస్తుంది గానీ, ఆ పరీక్షలు ఎక్కువ మోతాదు మాత్రలతో చేసినవి. కాబట్టి నువ్వుల ఉండ మంచి తిండి, మందు కాదు. నేను గానుగ నూనె అమ్ముకునేవాడిని. నువ్వుల నూనె రాస్తే పార్శ్వపు నొప్పి పోతుందని రాస్తే నాలుగు సీసాలు ఎక్కువ పోతాయి. కానీ మెడ, భుజాలు మర్దన చేస్తే హాయిగా ఉంటుంది, అంతవరకే నిజం.

చేయకూడనివి కూడా చెప్పాలి. ముక్కులో పసరు పిండించుకోవడం, కణతకు వాత పెట్టించుకోవడం, జిల్లేడు పాలు రాయడం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది.

ఇవి మైగ్రేన్ కాదు, వెంటనే ఆసుపత్రికి

ఒక్కసారిగా, పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చేయి కాలు పట్టు తప్పడం. జ్వరంతో మెడ బిగుసుకోవడం. తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి. 50 దాటాక మొదటిసారి వచ్చిన నొప్పి. ఎండలో పనిచేస్తూ ఒళ్లు కాలిపోయి మాట తికమక పడటం. ఇంకొకటి, పక్క పొలంలో పురుగు మందు కొట్టాక తలనొప్పితో పాటు చెమటలు, నోట్లో చొంగ, చూపు మసక, కండరాలు అదరడం ఉంటే అది విషప్రభావం. శొంఠి నీళ్లు కాస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

అలాగే నెలకు నాలుగుసార్లకు మించి వస్తుంటే డాక్టరుకు చూపించండి. రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, అవి రాసిస్తే వాడటం తప్పు కాదు. మందు లేకుండా బతకాలన్న పంతంతో మనిషి నలిగిపోకూడదు.

ఇప్పుడు అమ్మకు నెలకు రెండుసార్లు వస్తోంది. నాకు పంట పని ఎక్కువున్న నెలలో రెండు, లేకపోతే ఒకటి. పూర్తిగా పోలేదు. కానీ జేబులో మాత్రల పట్టీ లేకుండా పొలం వెళ్లగలుగుతున్నాం.

మీరు పంట ఖర్చులు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీ తిప్పి, ఈ రోజు నుంచి ఆ ఆరు విషయాలు రాయండి. మూడు నెలలు చాలు, మీ స్టార్టర్ ఎక్కడ ట్రిప్ అవుతుందో మీకే తెలుస్తుంది.