తరిమెన మీద కర్ర: ఏ చెక్క ఎలా తెగుతుంది, ఎందుకు?

వడ్రంగి పనిలో రంపం, బాడిస, చిత్రిక వాడేటప్పుడు కర్ర కదలదు, పనిముట్టు కదులుతుంది. తరిమెన దగ్గర ఇది తారుమారవుతుంది. కర్ర గిరగిరా తిరుగుతుంది, ఉలి నిలకడగా ఉంటుంది. బొంగరం, అప్పడాల కర్ర, పాతకాలపు మంచం కోళ్లు, కుంకుమ భరిణె ఇలా తయారైనవే. తరిమెనను ఇప్పుడు అందరూ లేత్ అంటున్నారు. ఈ పాఠంలో రెండు మాటలూ వాడతాం.

సరదా కోసం ఈ పని మొదలుపెట్టేవారు మోటారు ఎంత పెద్దది, ఉలులు ఎక్కడివి అని ఎక్కువగా ఆలోచిస్తారు. పని చెడేది మాత్రం చాలాసార్లు కర్ర దగ్గరే. చేసిన గిన్నె నెల తిరక్కుండా పగిలిందంటే తప్పు యంత్రానిది కాదు. కర్రలో నార ఏ వైపు నడుస్తోంది, తడి ఎంత ఉంది అనే రెండు విషయాలు ముందుగా తెలుసుకుంటే మిగిలింది అభ్యాసం మీద వస్తుంది.

ఏటికొప్పాక చెప్పే సంగతి

తెలుగు ప్రాంతంలో తరిమెన పనికి పేరుపడ్డ ఊరు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ కళను సహజ రంగులతో నిలబెట్టడానికి కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

అక్కడివారు వాడేది అంకుడు కర్ర. కొమ్మ విరిస్తే పాలు కారే చెట్టు ఇది. కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకూ ఇదే జాతి కర్ర వాడతారు. రెండు దూరపు ఊళ్లు ఒకే కర్రను ఎంచుకోవడానికి కారణం లక్క పూసే పద్ధతిలో ఉంది. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకు ఆనించి నొక్కుతారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమితే పొర సమంగా పరుచుకుని మెరుపు వస్తుంది. కర్రలో రంధ్రాలు పెద్దవిగా ఉంటే ఈ పలుచని పొర వాటిని కప్పలేదు. టేకు మీద ఇదే ప్రయత్నిస్తే సన్నని గీతలు కనిపిస్తూనే ఉంటాయి.

కొండపల్లి బొమ్మలను దీనితో కలపకండి. అవి తెల్లపొణికి కర్రతో ఉలితో చెక్కినవి, తరిమెన పట్టినవి కావు. ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కొండపల్లి ఉన్నది ఎన్టీఆర్ జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో. మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానికి, దానికి పేరు తప్ప సంబంధం లేదు. ఆ పేరు చూసి పొరబడేవారు ఉన్నారు కాబట్టి ఈ మాట.

నార నడిచే దిక్కు

కర్రను ఒక కట్టగా కట్టిన చీపురు పుల్లల్లా ఊహించుకోండి. అప్పడాల కర్ర చేసేటప్పుడు పుల్లలు ఇరుసుకు సమాంతరంగా ఉంటాయి. లావుగా ఉన్న చోటు నుంచి సన్నగా ఉన్న చోటుకి, అంటే వాలుకు కిందికి ఉలిని నడిపితే, తెగే ప్రతి పుల్లకూ కింద మరో పుల్ల ఆసరాగా ఉంటుంది. కోత నున్నగా వస్తుంది. ఎదురు నడిపితే పుల్ల ఆసరా లేక పైకి లేస్తుంది, చీలుతుంది.

గిన్నె సంగతి వేరు. పలకగా కోసిన చెక్కను ఫేస్‌ప్లేట్‌కు బిగించి తిప్పినప్పుడు నార ఇరుసుకు అడ్డంగా ఉంటుంది. ఒక చుట్టులో ఉలికి రెండుసార్లు నార పక్క, రెండుసార్లు నార కొనలు ఎదురవుతాయి. అందుకే గిన్నె బయటి వైపు అడుగు నుంచి అంచుకి, లోపలి వైపు అంచు నుంచి నడిమికి కోయాలి. దిక్కు సరిగ్గా ఉన్నా రెండు చోట్ల గరుకు మిగిలిందంటే ఉలికి పదును తగ్గిందని అర్థం. గరుకు కాగితంతో రుద్ది సరిచేద్దామని చూడకండి, ఉలిని సాన పట్టండి.

తడి

అప్పుడే కొట్టిన కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది: కణాల బోలులో, కణాల గోడల్లో. బోలులోని నీరు పోయినంతవరకు కర్ర కుంచించుకుపోదు. తడి సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కుంచించుకోవడం అక్కడే మొదలవుతుంది. అది అన్ని వైపులా ఒకేలా ఉండదు. వలయాల వెంట కుంచింపు, నడిమి నుంచి బయటికి ఉండే కుంచింపుకు దాదాపు రెండింతలు. పొడవునా మాత్రం అతి తక్కువ. ఈ తేడా వల్లే గుండ్రటి దుంగ ఎండేటప్పుడు నడిమి నుంచి బీట వారుతుంది. నడిమి దూటను వదిలేసి, దుంగను నిలువునా రెండుగా చీల్చి వాడమని చెప్పడం అందుకే.

మన వైపు వేసవి గాలి పొడిగా ఉంటుంది. దుంగ కొనల నుంచి నీరు తొందరగా పోయి అక్కడే పగుళ్లు వస్తాయి. కోసిన రోజే కొనలకు మైనం గాని మందపాటి పెయింటు గాని పూసి నీడన పెట్టండి. పచ్చి కర్రతోనే గిన్నె చేయాలనుకుంటే ముందు మందంగా తీయండి. 200 మిల్లీమీటర్ల వెడల్పు గిన్నెకు గోడ 20 మిల్లీమీటర్లు ఉంచి, ఎండాక మళ్లీ తరిమెన పట్టి సన్నం చేయాలి.

చుట్టుపక్కల దొరికే కర్రలు

అడవుల్లో అంకుడు తగ్గిపోతోందని ఏటికొప్పాక కళాకారులు ఎంతోకాలంగా చెబుతున్నారు. సరదా పనికి దాని కోసం వెతకక్కర్లేదు. గాలివానకు పడిన కొమ్మ, సామిల్లు దగ్గర మిగిలిన ముక్క, పాత తలుపు చట్రం చాలు. నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే మాత్రం, అది మీ పొలంలోదే అయినా, వాల్టా చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాల్సి రావచ్చు.

మామిడి నేర్చుకునేవారికి మంచిది. సులువుగా తెగుతుంది. పచ్చిగా పడేస్తే మచ్చలు పడతాయి, పురుగు పడుతుంది. వేపలో నార మెలికలు తిరిగి ఉండటంతో అక్కడక్కడ లేస్తుంది. తుమ్మ గట్టిది, బండి చక్రాల నడిమి బొడ్డుకు వాడిన కర్ర. చేవ ఎరుపు, గోధుమ రంగుల్లో బాగుంటుంది గాని ఉలిని తరచూ సాన పట్టాలి. చింత ఇంకా మొండిది, మాంసం కొట్టే మొద్దుకు పనికొచ్చేది అందుకే. నీలగిరి ఎండేటప్పుడు మెలిపడి పగులుతుంది, మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకపోవడమే నా సలహా. పాత టేకు బాగా ఎండి ఉంటుంది, కాని అందులో ఇసుక వంటి సిలికా ఉండటంతో పదును త్వరగా పోతుంది. తలుపు చట్రంలో విరిగిన మేకులు దాగి ఉంటాయి, అయస్కాంతంతో వెతకండి.

వేగం, జాగ్రత్త

నిమిషానికి 1000 చుట్లు తిరిగే లేత్ మీద 25 మిల్లీమీటర్ల కర్ర అంచు సెకనుకు సుమారు 1.3 మీటర్ల వేగంతో పోతుంది. అదే చుట్లకు 200 మిల్లీమీటర్ల గిన్నె అంచు వేగం సుమారు 10.5 మీటర్లు. వెడల్పు పెరిగేకొద్దీ చుట్లు తగ్గించాలి. ముడులు, పగుళ్లు ఉన్న చెక్కను అసలు బిగించకండి, ఊడితే ముఖం మీదికే వస్తుంది. స్విచ్ వేసేముందు చెక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడండి. చీర కొంగు, చున్నీ, కండువా, చేతి తొడుగులు ఏవీ ఉండకూడదు.

దుమ్మును తేలిగ్గా తీసుకోవద్దు. గట్టి కర్రల దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకంగా గుర్తించింది. రోజ్‌వుడ్ దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. మాస్కు లేకుండా గరుకు కాగితం పట్టకండి.

అభ్యాసం

పచ్చి మామిడి ముక్క ఒకటి, పచ్చి వేప ముక్క ఒకటి తీసుకుని వంటింటి త్రాసులో తూచి తేదీతో రాయండి. ప్రతి ఆదివారం మళ్లీ తూచండి. వరుసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆ కర్ర మీ ఇంటి గాలితో సరిపడిందన్నమాట. పూర్తిగా ఎండిన బరువు తెలిస్తే తడి శాతం ఇలా లెక్కించవచ్చు: పచ్చి బరువు 600 గ్రాములు, ఎండు బరువు 400 గ్రాములు అయితే, తేడా 200ను 400తో భాగించి 100తో హెచ్చిస్తే 50 శాతం. రెండు ముక్కల్లో ఏది ముందు నిలకడకు వచ్చింది, ఏది బీటవారింది, బీట ఏ వైపు నడిచింది? బొమ్మ గీసి మీ నోటుపుస్తకంలో రాయండి.